బహిష్కృత విద్యార్థి - రాష్ట్రపతి పీఠము

దమ్మపేట ప్రాంతమువారికి సరిహద్దు అనునది క్రొత్త మాట కాదు. మనుష్యుడు తన యింటిలో కూర్చుండియుండగనే అతని రాజ్యము మారిపోవుట మన పెద్దలు కన్నులార చూచినారు. నైజాము ఏలుబడిలో వరంగల్లు జిల్లాకు చేరియుండిన ఈ సీమ 1948లో భారత యూనియనులో కలసెను. 1953లో ఖమ్మము ప్రత్యేక జిల్లా యయ్యెను. 1956లో ఈ సీమ ఆంధ్రప్రదేశమున చేరెను, 2014లో తెలంగాణమున నిలిచెను, 2016 నుండి భద్రాద్రి కొత్తగూడెము జిల్లాలో నున్నది. గోదావరి కావలి భద్రాచలము 1959 వఱకు తూర్పుగోదావరి జిల్లాలోనిది. 1947-48 సంవత్సరములలో రజాకారుల బాధకు తాళలేక ఎన్నియో తెలుగు కుటుంబములు నైజాము ఎల్ల దాటి కృష్ణా, గోదావరి జిల్లాలలో తలదాచుకొన్నవి. 2014లో పోలవరము నిమిత్తమై మన పొరుగున నున్న కుకునూరు, వేలేరుపాడు మండలములు ఆంధ్రప్రదేశమునకు పోయినవి. కావున ప్రభుత్వము పొమ్మన్న మనుష్యుని బ్రదుకెట్లుండునో మనకు వేరొకరు చెప్పనక్కరలేదు.

అట్లు పొమ్మనిపించుకొన్న తెలుగువాడొకడు కడపట ఈ మహాదేశమునకు ప్రథమపౌరుడయ్యెను. ఇరువదిరెండవయేట ఒక ప్రభుత్వపు బహిష్కార పత్రమును చేతబట్టుకొని దేశము విడిచిన ఆ యువకుడు, డెబ్బదియైదవయేట సర్వోత్తరువులును తన పేరిట వెలువడు పీఠము నధిష్ఠించెను. ఆయనయే వరాహగిరి వేంకటగిరిగారు. వారిని శరణార్థి యనుట పూర్తిగా సరిపడదు; బహిష్కృతుడనుట యథార్థము. బహిష్కార పత్రము పుచ్చుకొన్న చేయి, దేశమున కంతటికి ఉత్తరువులు వ్రాయు స్థానమునకు వచ్చినప్పుడు ఏమి చేసినది? ఈ ప్రశ్నయే మమ్ము నేడు ఆయన జీవితముకడకు నడిపించినది.

మరియొక కారణము కూడ కలదు. మన ఏజెన్సీ గ్రామములలో ఒక సెంటు భూమి కొనవలెనన్నను, అమ్మవలెనన్నను ముందుగా వినవచ్చు మాట 1/70 చట్టము. ఆ చట్టము గిరిగారు రాష్ట్రపతిగా నుండగా వారి సమ్మతి పొంది వెలువడినదను సంగతి మనలో పెక్కుమందికి తట్టదు. అలంకారప్రాయమని మనము తేలికగా త్రోసివేయు పీఠమునుండి వెడలిన ఒక చేవ్రాలు, ఏబదియేండ్లు దాటినను మన పొలముల గట్లపై కావలి కాయుచున్నది.

గిరిగారు 1894 ఆగస్టు 10వ తేదీన గంజాము జిల్లా బరంపురమున జన్మించిరి. అప్పుడది మద్రాసు రాజధానిలోనిది. తండ్రి జోగయ్యపంతులుగారు పేరొందిన న్యాయవాది, కాంగ్రెసువాది. తరువాత కేంద్ర శాసనసభలో సభ్యులైరి. తల్లి సుభద్రమ్మగారు జాతీయోద్యమమున దిగి, శాసనోల్లంఘన కాలమున మద్యనిషేధమునకై పోరాడి అరెస్టయిరి. ఇంటిలో నేర్చిన దేశభక్తి పుస్తకములలో నేర్చినదానికంటె లోతుగా నాటుకొనును. 1936లో ఒరిస్సా రాష్ట్రము ఏర్పడగా బరంపురము అందు చేరెను. అచ్చటి తెలుగువారు తమ గడపలు దాటకయే అల్పసంఖ్యాకులైరి. గిరిగారి పుట్టిల్లు సైతము ఎల్ల జరిగిన నేలయే.

1913లో న్యాయశాస్త్రము చదువుటకు ఆయన ఓడ యెక్కిరి. ఆ కాలపు ధనికుల బిడ్డలు లండనునకు పోవుచుండగా, గిరిగారు ఐర్లండు ముఖ్యనగరమైన డబ్లినునకు పోయిరి. అచ్చటి యూనివర్సిటీ కళాశాలలోను, కింగ్స్ ఇన్స్ అను న్యాయవిద్యాలయములోను చేరిరి. ఐర్లండు అప్పుడు మనవలెనే ఆంగ్లేయుల చేతిలోనిది. అచ్చటి యువకులు స్వరాజ్యమునకై ఉడికిపోవుచుండిరి. ఆయన చదివిన కళాశాలలో ఆంగ్లసాహిత్యము బోధించుచుండిన తామస్ మక్డోనా విప్లవసంఘమున ముఖ్యుడు. కూలివారిని సంఘటితపరచి వారి బలమును స్వాతంత్ర్యోద్యమమునకు జోడించిన జేమ్సు కొన్నోలి ఆ నగరమందే యుండెను. 1914లో గిరిగారు లండనులో గాంధీమహాత్ముని కలసికొనిరి. యుద్ధమున గాయపడినవారి సేవకై రెడ్ క్రాసులో చేరుమని మహాత్ముడు కోరగా ఆయన మొదట అంగీకరించి, పిమ్మట మనస్కరింపక విరమించిరి. తనకంటె పెద్దవారి మాటయైనను అంతరంగమునకు సరిపడనిచో కాదనగల స్వభావము ఆనాడే కనిపించినది. ఈ స్వభావమును పాఠకులు గుర్తుంచుకొనవలెను. కడపట దీనిని గూర్చియే మేము విచారింపవలసియున్నది.

1916 ఏప్రిలు 24వ తేదీన డబ్లినులో తిరుగుబాటు చెలరేగినది. ఆరుదినములలో ఆంగ్లసేనలు దానిని అణచివేసినవి. మే మాసమున నాయకులను వరుసగా కాల్చి చంపిరి; మక్డోనా, కొన్నోలి ఇరువురును వారిలోని వారే. భారతీయ విద్యార్థులపై పోలీసుల కన్ను అంతకుముందే పడియుండెను. దక్షిణాఫ్రికాలో భారతీయులు పడు కడగండ్లను గూర్చి వారు అచ్చువేసిన కరపత్రము ప్రభుత్వము చేజిక్కినది. తిరుగుబాటు పిమ్మట అనుమానము గిరిగారిని చుట్టుకొనెను. జూను మాసమున ఐర్లండు విడిచిపోవలసినదని నెల గడువుతో ఆయనకు ఉత్తరువు అందెను. ఆ గడువులోనే బారిష్టరు పట్టా పుచ్చుకొని ఆయన స్వదేశమునకు తిరిగివచ్చిరి. సాక్ష్యమడుగక, న్యాయస్థానమున విచారింపక, కేవలము ఒక కాగితముతో మనుష్యుని వెళ్లగొట్టుట యెట్టిదో ఆయనకు స్వానుభవమున తెలిసినది.

మద్రాసు హైకోర్టులో పేరు నమోదు చేసికొని వకీలు వృత్తిలో దిగినను ఆయన మనసు అందు నిలువలేదు. 1920లో సహాయనిరాకరణము ఆరంభము కాగా వృత్తిని విడిచిరి. 1922లో కల్లు, సారా దుకాణములను ప్రతిఘటించి తొలిసారి అరెస్టయిరి. డబ్లినులో చూచినది మరువక కార్మికుల నడుమకు పోయిరి. కలకత్తానుండి వాల్తేరు వఱకు సాగిన బెంగాలు-నాగపూరు రైలుమార్గము బరంపురముమీదుగానే పోవుచుండెను. ఖరగపూరు కర్మాగారములలో పనిచేయువారిలో తెలుగువారు లెక్కకు మిక్కిలి. ఆ కార్మికులకు గిరిగారు సంఘము నిర్మించిరి. అఖిలభారత రైల్వే కార్మికుల సమాఖ్యను స్థాపించినవారిలో ఒకరై, దశాబ్దమునకు పైగా దాని ప్రధానకార్యదర్శిగా నుండిరి. 1926లో అఖిలభారత ట్రేడు యూనియను కాంగ్రెసునకు అధ్యక్షులైరి. 1927లో జెనీవాలో జరిగిన అంతర్జాతీయ కార్మిక సభకు ప్రతినిధిగా పోయిరి. 1928లో బెంగాలు-నాగపూరు రైల్వేలో వేలకొలది మందిని పనినుండి తొలగింపగా, వారి పక్షమున శాంతియుతమైన సమ్మె నడిపిరి.

గిరిగారు విప్లవవాది కారు. 1929లో ట్రేడు యూనియను కాంగ్రెసు చీలినప్పుడు ఆయన ఎన్. ఎం. జోషిగారితో కలసి మితవాదుల పక్షమున నిలిచిరి. కార్మికుడును యజమానియు ఒకరి ముఖమొకరు చూచి మాట్లాడుకొని తగవు తీర్చుకొనవలెననియు, ప్రభుత్వము గాని న్యాయస్థానము గాని నడుమ దూరరాదనియు ఆయన సిద్ధాంతము. 1931లో రెండవ గుండ్రబల్ల సమావేశమునకు కార్మిక ప్రతినిధిగా లండను వెళ్లిరి. పదునైదేండ్ల క్రిందట పొమ్మన్న సామ్రాజ్యమే రమ్మని పిలిచి ఎదుట కూర్చుండబెట్టినది.

1937 నాటి ఎన్నిక తెలుగుదేశమంతయు కథగా చెప్పుకొన్నది. బొబ్బిలి రాజాగారు జస్టిసు పార్టీ నాయకులు. మద్రాసు రాజధానిలో ముఖ్యమంత్రిగా ఏలినవారు. వారిని వారి బొబ్బిలియందే గిరిగారు ఓడించిరి. తాతముత్తాతలనాటి సంస్థానపు నేలపైననే సంస్థానాధిపతి ఓడుట చూచి జమీందారులందరు ఉలికిపడిరి. రాజాజీ మంత్రివర్గమున గిరిగారు కార్మిక, పరిశ్రమల శాఖలు వహించిరి. 1939లో యుద్ధవిషయమై కాంగ్రెసు మంత్రులందరు రాజీనామా లీయగా ఆయనయు పదవి విడిచిరి. 1942లో క్విట్టిండియా ఉద్యమమున చెరసాలకు పోయిరి. 1946లో ప్రకాశము పంతులుగారి మంత్రివర్గమున మరల కార్మికమంత్రి యైరి.

1947 నుండి 1951 వఱకు గిరిగారు సింహళమున భారత హైకమిషనరుగా నుండిరి. ఇచ్చట ఆయనకు తారసిల్లిన సమస్య తన పాతగాయమువంటిదే. తేయాకు తోటలలో తరతరములుగా చెమటోడ్చిన భారతీయ కూలీలను 1948 నాటి సింహళ పౌరసత్వ చట్టము ఏ దేశమునకును చెందనివారినిగా చేసివేసినది. లక్షలాది జనులు పుట్టిన నేలపై పరాయివారైరి. ఆ సమస్య గిరిగారి కాలమున తీరలేదు. 1964లో లాల్ బహదూర్ శాస్త్రి, సిరిమావో బండారనాయకల నడుమ కుదిరిన ఒడంబడికలో 5,25,000 మందిని భారతము స్వీకరించుటకు ఒప్పుకొన్నది. రాయబారి మాటలకు చట్టము కరగదని గిరిగారు అచ్చట తెలిసికొనియుందురు.

1952లో పాతపట్నమునుండి లోకసభకు ఎన్నికై గిరిగారు నెహ్రూ మంత్రివర్గమున కార్మికమంత్రి యైరి. రెండేండ్లు గడచినవి. బ్యాంకు ఉద్యోగుల జీతములను గూర్చి ట్రిబ్యునలు ఇచ్చిన తీర్పును ప్రభుత్వము ఉద్యోగులకు నష్టము కలుగునట్లు సవరించినది. కార్మికమంత్రి యొకడు ఉండగా కార్మికులకిచ్చిన తీర్పును ప్రభుత్వమే తగ్గించుట ఆయనకు సహింపలేదు. 1954 ఆగస్టులో పదవిని విడిచిరి. గుంపుగా కాదు, ఒంటరిగా విడిచిరి. ఆయన జీవితమున మాకు అన్నిటికంటె ఎత్తుగా కనిపించు శిఖరము ఇదియే. ఆ ఖాళీయైన స్థానమున కార్మికమంత్రిగా వచ్చినవారు ఖండూభాయి దేశాయిగారు. ఈ పేరు మన దమ్మపేట కథలో మరల వచ్చును.

1957 ఎన్నికలో గిరిగారు పార్వతీపురమునుండి నిలిచిరి. అది రెండు స్థానముల నియోజకవర్గము. అందొకటి గిరిజనులకు ప్రత్యేకింపబడినది. వోట్లు లెక్కింపగా రెండు స్థానములును గిరిజనులకే దక్కినవి. ప్రత్యేకింపని రెండవ స్థానము గిరిగారిని దాటి దిప్పల సూరిదొరగారికి పోయెను. ప్రత్యేకస్థానమునకు నిలిచిన గిరిజనుడు సామాన్యస్థానమును పొందరాదని గిరిగారు న్యాయస్థానముల కెక్కిరి. 1959లో సుప్రీముకోర్టు అధికసంఖ్యాక న్యాయమూర్తులు ఆ వాదమును త్రోసివేసిరి. గిరిజనునికి ప్రత్యేకస్థానము ఒక అదనపు రక్షణయేగాని, సామాన్యస్థానపు తలుపు మూయుటకు కాదని తేలినది. రెండు స్థానముల నియోజకవర్గములు 1961లో చట్టముచే రద్దయినవి. ఏజెన్సీ కొండలలోని దొర తనకు పోటీగా నిలిచి గెలువగలడని గిరిగారు ఈ వ్యాజ్యమున నేర్చుకొనిరి. కొండదొర హక్కును కాదని వాదించిన చేయియే తరువాత వాని భూమికి రక్షణపత్రముపై చేవ్రాలు చేయవలసివచ్చుట విధివిలాసము.

ఓడిన పిమ్మట ఆయనకు గవర్నరు పదవులు లభించినవి. 1957 నుండి 1960 వఱకు ఉత్తరప్రదేశము, 1960 నుండి 1965 వఱకు కేరళము, పిమ్మట 1967 వఱకు మైసూరు. గవర్నరు పీఠము శోభకు, సంతకమునకు. ప్రభుత్వము నడపుట మంత్రులది. కేరళమున 1964లో శంకర్ మంత్రివర్గము కూలగా రాష్ట్రపతిపాలన వచ్చినది. 1965 ఎన్నికలలో ఎవరికిని ఆధిక్యము రాక ఆ పాలన సాగినది. అలంకారపు పీఠము ఒక్కొక్క వేళ అసలు పీఠమగునని గిరిగారికి ఆనాడు ఎరుకపడియుండును.

1967లో గిరిగారు ఉపరాష్ట్రపతి యైరి. 1969 మే 3న రాష్ట్రపతి జాకిర్ హుస్సేనుగారు కాలధర్మము నొందగా ఆ బాధ్యత ఈయనపై బడినది. కాంగ్రెసు పెద్దలు రాష్ట్రపతి పదవికి నీలం సంజీవరెడ్డిగారిని నిలిపిరి. ప్రధాని ఇందిరాగాంధీగారికి అది రుచింపలేదు. జూలై 19న పదునాలుగు పెద్ద బ్యాంకులను జాతీయము చేయు ఆర్డినెన్సుపై గిరిగారు చేవ్రాలు చేసి, మరునాడే పదవి విడిచి, స్వతంత్రుడుగా పోటీకి దిగిరి. బ్యాంకు గుమాస్తాల జీతములకై 1954లో మంత్రిపదవి విడిచినవాడు, 1969లో ఆ బ్యాంకులనే జాతికి అప్పగించు కాగితముపై సంతకము చేసెను. కాలము ఇట్టి ముడులు వేయుచుండును.

ఆగస్టు 16న ఎన్నిక జరిగెను. ప్రతినిధులు పార్టీ ఆజ్ఞను గాక అంతరాత్మను అనుసరించి వోటు వేయవలెనని ప్రధాని కోరిరి. మొదటి లెక్కలో గిరిగారికి 4,01,515, సంజీవరెడ్డిగారికి 3,13,548, చింతామణి దేశముఖ్ గారికి 1,12,769 విలువగల వోట్లు వచ్చినవి. ఎవరికిని కావలసినంత ఆధిక్యము లేక రెండవ అభిమతపు వోట్లు లెక్కింపవలసివచ్చినది. కడపట గిరిగారు 4,20,077 వోట్లతో గెలిచిరి. సంజీవరెడ్డిగారు 4,05,427 వోట్లతో ఆగిపోయిరి. పోటీపడిన ముఖ్యులిద్దరును తెలుగువారే. ఆ యేడే కాంగ్రెసు రెండుగా చీలెను. ఎన్నికపై వ్యాజ్యము నడువగా, 1970లో రాష్ట్రపతియే స్వయముగా సుప్రీముకోర్టునకు వచ్చి సాక్ష్యమిచ్చిరి. కావలెనన్నచో ఆయన ఇంటికే విచారణ వచ్చియుండును. ఐర్లండులో విచారణయే లేకుండ వెళ్లగొట్టబడినవాడు తానై విచారణకు వచ్చుట మాకు ముచ్చటగా తోచుచున్నది. ఆ వ్యాజ్యము కొట్టివేయబడెను.

ఇక రాష్ట్రపతిగా ఆయన చేసిన చేవ్రాళ్లను చూతము. 1970 సెప్టెంబరులో రాజభరణముల రద్దు సవరణ రాజ్యసభలో ఒక పాలు తక్కువై వీగిపోగా, రాజులందరి గుర్తింపును రద్దుచేయు ఉత్తరువుపై గిరిగారు హైదరాబాదులో నుండగనే సంతకము చేసిరి. ఆసఫ్జాహీల నగరమున కూర్చుండియే ఒక బొబ్బిలి విజేత ఈ పని చేయుట గమనింపదగినది. ఆ డిసెంబరులో సుప్రీముకోర్టు ఆ ఉత్తరువు చెల్లదనెను. 1971లో రాజ్యాంగ సవరణతో ఆ పని నెరవేరెను. 1971లో విచారణలేని నిర్బంధమునకు వీలిచ్చు ఆంతరంగిక భద్రతా చట్టము వచ్చినది. 1973 ఏప్రిలులో ముగ్గురు పెద్ద న్యాయమూర్తులను దాటి ఎ. ఎన్. రే గారిని ప్రధాన న్యాయమూర్తిగా నియమించిరి. ఇవన్నియు గిరిగారి పేరిట వెలువడినవే. ఆ కాలముననే తూర్పుబెంగాలునుండి సుమారు కోటిమంది శరణార్థులు మన దేశమునకు వచ్చి తలదాచుకొనిరి.

మన నేలకు సంబంధించిన చేవ్రాలు 1970 ఆరంభములోనిది. గిరిజన భూములు అన్యుల పాలు కాకుండుటకు 1959లో ఆంధ్రప్రాంతపు ఏజెన్సీలో ఒక శాసనము వచ్చినది. 1963లో అది తెలంగాణమునకు విస్తరించెను. ఐనను భూములు చేతులు మారుట ఆగలేదు. అప్పు పత్రములపై వేలిముద్రలు, ఉత్తుత్తి కౌళ్లు, గిరిజనేతరుల నడుమ అమ్మకములు సాగుచునే యుండినవి. గిరిగారు ఓడిన ఆ పార్వతీపురపు కొండలలోనే గిరిజనులు ఆయుధము పట్టి లేచిరి. ప్రభుత్వము అప్పుడు మేల్కొన్నది. 1970 ఫిబ్రవరి 3 నుండి అమలునకు వచ్చిన 1/70 రెగ్యులేషను ప్రకారము ఏజెన్సీలోని భూమిని గిరిజనుడు గాని, గిరిజనేతరుడు గాని, గిరిజనునికో, గిరిజనుల సంఘమునకో తప్ప మరెవ్వరికిని అమ్మరాదు. గిరిజనేతరుని చేతిలో నున్న భూమి గిరిజనునినుండి వచ్చినదిగానే యెంచబడును. కాదని రుజువుచేయు భారము ఆ గిరిజనేతరునిదే. రాజ్యాంగపు అయిదవ షెడ్యూలు మేరకు ఇట్టి శాసనమును గవర్నరు చేయవలెను, రాష్ట్రపతి సమ్మతింపవలెను. నాటి మన గవర్నరు ఎవరు? 1954లో గిరిగారి స్థానమున కార్మికమంత్రిగా వచ్చిన ఆ ఖండూభాయి దేశాయిగారే. ఇరువురు పాత కార్మిక నాయకులు రెండు అలంకారపు పీఠములపై కూర్చుండి, వనములలోని కోయవాని గట్టు కాపాడు కాగితమునకు ప్రాణము పోసిరి. 1988లో సుప్రీముకోర్టు ఆ శాసనము చెల్లునని తేల్చినది.

మన పాఠకులలో భూవసతి కలవారు అనేకులు. వారికి ఈ శాసనము చేదుగా నున్నదని మేమెరుగుదుము. తాతలనాటినుండి అరక కట్టి దున్నుకొనుచు, పట్టా లేక, బ్యాంకు అప్పు పుట్టక, బిడ్డ పెండ్లికి ఎకరము అమ్ముకొనజాలని గిరిజనేతర చిన్నరైతు బాధ యథార్థము. దానిని మేము కాదనము. కాని మూడు మూటల జొన్నల అప్పునకు చెలక నంతయు వదలుకొని, అదే చెలకలో కూలికి పోయిన కోయవాని బాధ అంతకంటె పాతది, అంతకంటె లోతైనది. నేడు దమ్మపేట, అశ్వారావుపేటల చుట్టు పచ్చగా పెరిగిన పామాయిలు తోటలను చూచునప్పుడు, ఈ నేల మొదట ఎవరిదను ప్రశ్నను మనము దాటిపోరాదు. చట్టమును దొంగదారిన తప్పించుకొనుటకు బినామీలను వెదకుట పెద్దమనుష్యుల లక్షణము కాదు. చిన్నరైతునకు న్యాయము కావలెనన్నచో దానిని బాహాటముగా శాసనసభలలో అడుగవలెను; కోయవాని వేలిముద్ర చాటున కాదు.

గిరిగారి పదవీకాలపు తుదిఘట్టములు మాకు బాధ గొల్పుచున్నవి. 1973 జనవరి 18న మన రాష్ట్రమున మంత్రివర్గము తొలగి రాష్ట్రపతిపాలన వచ్చెను. ప్రత్యేకాంధ్ర సంక్షోభపు ఫలమది. ఆ డిసెంబరు 10న మన పొరుగు వేంసూరు శాసనసభ్యులు జలగం వెంగళరావుగారు ముఖ్యమంత్రి యగుటతో అది ముగిసెను. మరుసటి యేడు రైల్వే సమ్మె వచ్చినది. 1974 మే 8 నుండి 27 వఱకు సుమారు పదునేడు లక్షలమంది రైలుకార్మికులు పని నిలిపిరి. నాయకుడు జార్జి ఫెర్నాండెజుగారు. ఆయన అధ్యక్షత వహించిన సంస్థ గిరిగారు తోటివారితో కలసి నిర్మించిన ఆ సమాఖ్యయే. ప్రభుత్వము వేలకొలది కార్మికులను చెరసాలలో త్రోసినది, వారి కుటుంబములను రైల్వే ఇండ్లనుండి వెళ్లగొట్టినది. విచారణలేని నిర్బంధచట్టము ప్రయోగింపబడినది. ఆ ప్రభుత్వమునకు శిరస్సుగా నున్నవారు ఒకనాటి ఖరగపూరు సమ్మె నాయకులు. వారి పదవి ఆ అణచివేతను ఆపలేకపోయినది.

గిరిగారు అట్లు ఊరకుండుట న్యాయమా? ఆయన పక్షమున చెప్పవలసిన మాట కలదు. రాష్ట్రపతి మంత్రుల సలహాను మీరరాదనుట మన రాజ్యాంగపు ఆచారము. 1974 ఆగస్టు 23న, గిరిగారు పదవినుండి దిగుటకు ఒక్క దినము ముందు, సుప్రీముకోర్టు అదే మాటను స్థిరపరచినది. 1976 సవరణ దానిని రాజ్యాంగములోనే వ్రాసినది. ప్రజలచే ఎన్నికైనవారి మాటను ప్రజలు నేరుగా ఎన్నుకొనని పీఠము త్రోసివేయుచుండినచో ప్రజాప్రభుత్వము నిలువదు. దీనిని మేము ఒప్పుకొందుము. కాని సలహాను పాటించుట వేరు, మౌనముగా పాటించుట వేరు. మరల ఆలోచింపుమని అడుగుట ఏ ఆచారమునకును విరుద్ధము కాదు. 1978 సవరణలో ఆ హక్కు రాష్ట్రపతికి స్పష్టముగానే ఇయ్యబడినది. అది చాలదన్నచో పదవిని విడిచిపోవుటకు ఎవరి అనుమతియు అక్కరలేదు. ఇరువదేండ్ల క్రిందట బ్యాంకు గుమాస్తాలకొరకు ఆయన ఆ పని చేసియే యుండిరి. మహాత్ముని కోరికనైనను మనస్కరింపనిచో కాదన్న యువకుడు, వృద్ధాప్యమున ఇంకొకసారి కాదనియుండవలసినదని మా హృదయము చెప్పుచున్నది.

ఆయన డబ్లినులో చదువుకొన్ననాటి మరియొక తిరుగుబాటుదారుడు, 1916లో మరణశిక్ష పడి బ్రతికి బయటపడిన ఈమన్ డి వెలెరా, 1959 నుండి 1973 వఱకు ఐర్లండునకు అధ్యక్షుడుగా నుండెను. ఒకే నగరపు ఒకే ఆగ్రహమునుండి పుట్టిన ఇరువురు ఏకకాలమున రెండు దేశముల అలంకారపు పీఠములపై కూర్చుండిరి. స్వాతంత్ర్యము వచ్చిన జాతులు తమ పాత బహిష్కృతులకు ఇచ్చు గౌరవమది. కాని ఆ గౌరవమునకు వెల కలదు: పీఠమెక్కినవాని నోటికి కట్టు పడును.

1974 ఆగస్టు 24న గిరిగారు పదవీవిరమణ చేసిరి. 1975లో భారతరత్న బిరుదము నొందిరి. 1980 జూనులో మద్రాసునగరమున స్వర్గస్థులైరి. దేశములోని కార్మిక విద్యాసంస్థ యొకటి 1995 నుండి ఆయన పేరు ధరించియున్నది.

మేము గిరిగారిని దేవునిగా నిలుపుట లేదు, దోషిగా నిలుపుట లేదు. ఆయన బ్రదుకు మనకు రెండు సంగతులు నేర్పుచున్నది. పీఠము అలంకారమైనను చేవ్రాలు అలంకారము కాదు. అది కోయవాని చెలకను కాపాడగలదు, రైలుకార్మికుని బిడ్డను వీధిలో నిలుపగలదు. కావున ఆ పీఠములపై ఎవరు కూర్చుండవలెనో దేశము అలక్ష్యముగా చూడరాదు. రెండవది, ఏ పీఠమును మనలను కాపాడునని చేతులు ముడుచుకొని కూర్చుండరాదు. ఎల్ల దాటి పరుగెత్తిన మన పెద్దలను ఏ సింహాసనమును కాపాడలేదు. ఆనాడు పొరుగు జిల్లాలలో గింజలు పంచుకొన్న గ్రామస్థులు కాపాడిరి. నేడు మన నడుమ భూమి లేని కోయవానికి, పట్టా లేని రైతునకు, పోలవరపు నీటికి ఇల్లు విడువవలసిన నిర్వాసితునికి మనమే ఆ పొరుగువారము. ఆ బాధ్యతను నెరవేర్చితిమా, 1916లో ఒక కాగితముతో వెళ్లగొట్టబడిన ఆ బరంపురపు విద్యార్థి ఋణమును కొంత తీర్చుకొన్నవారమగుదుము.